ముప్పై రోజుల మందు, నలభై రెండు రోజులు

ఆగస్టు ఇరవై తొమ్మిది, శుక్రవారం, పొద్దున్న పదకొండు ఇరవైకి ఒక నర్సమ్మ నా లెక్కలో తప్పు పట్టుకుంది.

నాకు డెబ్బై మూడేళ్ళు. పోర్టుకు పోయే లారీల దారిలో ఒక ప్రైవేటు వేబ్రిడ్జి మీద ముప్పై ఒక్క ఏళ్ళు తూకం గుమస్తాగా పనిచేశాను. నిండు లారీ తూకం రాయాలి, సరుకు దించి వచ్చాక ఖాళీ లారీ తూకం రాయాలి, మొదటి దాంట్లోంచి రెండోది తీసెయ్యాలి. వినడానికి ఇంతే. కానీ నిండు బండి కాటా ఎక్కినప్పుడు, దారిలో కొట్టేసిన సరుకుకు బదులుగా, సీటు వెనకాల ఒక మనిషి దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటాడు. కంటికి కనపడడు, కాటాకు కనపడతాడు. "ఎనకాల తొంగున్న అరవై కిలోల్ని దిగమను బాబూ" అని నేను కిటికీలోంచి అరిస్తే డ్రైవర్లు తల గోక్కునేవారు. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో నా లెక్క తప్పన్నవాళ్ళు ఇద్దరే. వారిలో ఒకరిదే పొరపాటని తరవాత తేలింది. అందుకే ఆ శుక్రవారం నాకు గంటా నిమిషాలతో గుర్తుంది.

ఆ లారీల్లో వచ్చేది బొగ్గు, ఇనుపరాయి. సాయంత్రానికి రిజిస్టరు అట్ట మీద వేలితో అక్షరాలు రాయగలిగినంత దుమ్ము ఉండేది. దానికి ముందు పెళ్ళయ్యేదాకా ఊక పొయ్యి, పెళ్ళయ్యాక పన్నెండేళ్ళు కట్టెల పొయ్యి. వీటిలో ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేనన్నారు మా డాక్టరుగారు. పాతబడిన బ్రాంకైటిస్ అన్నారు, పూర్తిగా పోదు అన్నారు. మామూలు రోజుల్లో పొద్దున్నే కాస్త దగ్గు, చెంచాడు తెల్లటి కఫం. దానితో నాకు పేచీ లేదు. పేచీ అంతా అది రెచ్చిపోయే రోజులతోనే.

రెచ్చిపోయినప్పుడు లోపల ఏం జరుగుతుందో చెప్పడానికి ఆయన కాగితం మీద గొట్టం బొమ్మ గీయబోయారు. గీయనక్కర్లేదన్నాను. మా వేబ్రిడ్జి ముందు రోడ్డు నలభై అడుగులు. రెండు పక్కలా లారీలు ఆపేస్తే నడిమి దారి పన్నెండు అడుగులు మిగులుతుంది. ఆ పన్నెండు అడుగుల్లో ఎవరైనా ఇసుక పోస్తే సైకిలు కూడా దూరదు. ఊపిరి గొట్టాల గోడలు ఎర్రబడి లోపలికి ఉబ్బడం అంటే లారీలు ఆగడం. కఫం చిక్కబడి పచ్చగా మారి అడ్డంపడడం అంటే ఇసుక కుప్ప. అంతేనా అన్నాను. ఆయన నవ్వి పెన్ను మూసేశారు.

నా దగ్గర ఏడాదికి ఒకటి చొప్పున నోటుపుస్తకం ఉంది. అందులో రోజూ తేదీ వేసి, ఊపిరి వేగం కొలిచే మీటరు గొట్టంలోకి గట్టిగా ఊదితే ముల్లు ఏ అంకె దగ్గర ఆగిందో రాస్తాను. పక్కన కఫం రంగు, గాలి ఏ వైపునుంచి వీస్తోందో అదీ రాస్తాను. మూడేళ్ళ కిందట నా మంచి రోజు అంకె రెండు వందల డెబ్బై. ఆ ఆగస్టు నాటికి నా మంచి రోజు అంకె రెండు వందల ముప్పై. మధ్యలో ఏడుసార్లు రెచ్చిపోయింది. ఆ ఏడుసార్లకు నలభై పోయాయి.

డాక్టరుగారు ఆ రోజు పుస్తకం చివరిదాకా తిప్పి చూశారు. "పోయిన నలభై తిరిగి వస్తాయని చెప్పలేనమ్మా. వాపు వచ్చిన ప్రతిసారీ కొంత పట్టుకుపోతోంది. ఇంకొకసారి ఇంత గట్టిగా వస్తే ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాల్సి రావచ్చు. రోజుకు పదిహేను గంటలు."

"గొట్టం పొడవెంత ఉంటుంది?" అని అడిగాను.

"ఏడెనిమిది మీటర్లు."

కూర్మన్నపాలెంలో మా అమ్మాయి ఇంట్లో నా మంచం దగ్గరనుంచి తులసికోట దాకా పదకొండు మీటర్లు. సరిపోదు.

మా అమ్మాయి నా పక్కనే కూర్చుని ఉంది. దానికి ఆ పదిహేను గంటలు వినగానే కళ్ళు ఎర్రబడ్డాయి. డాక్టరుగారి ఎదటే నా మీద పడింది. "కార్తీకం నేదు, కర్పూరం నేదు. ఈ ఏడు నువ్వు మూసుకుని ఇంట్లో కూకో. ఏ ఏడూ నెల ఒడ్డెక్కలేదు, ఆస్పత్రే గదా ఎక్కినావు."

అది నిజమే. మూడు కార్తీకాలు మొదలుపెట్టి ఒక్కటీ ముప్పై రోజులు పూర్తిచెయ్యలేదు. మూడుసార్లూ నెల చివర్లో మంచాన పడ్డాను. అంతకు ముందు ముప్పై ఎనిమిది కార్తీకాలు ఒక్క రోజు తప్పకుండా చేసినదాన్ని. తెల్లవారుజామున స్నానం, దీపం, చుక్క కనపడేదాకా ఉపవాసం, అమావాస్య వెళ్ళిన పాడ్యమి నాడు అరటి దొప్పలో దీపాలు పెట్టి నీళ్ళలో వదలడం. అది కాకుండా నా ఏడాదికి కొస అంటూ ఉండదు. అలాగని ఊపిరి వదులుకునే మూర్ఖురాలినీ కాను. నాకు రెండూ కావాలి. ఆ మాట పైకి అనలేదు. అంటే ఇద్దరూ కలిసి వాయిస్తారు.

పక్కగదిలో నర్సమ్మ ఇన్‌హేలరు సరిగ్గా పీలుస్తున్నామో లేదో చూస్తుంది. నలభై ఏళ్ళుంటాయి, మెడలో చిన్న సిలువ, మాటలో మా వైపు యాస. నా పాత ఇన్‌హేలరు చేతిలోకి తీసుకుని, వెనకాల అంకెల కిటికీలో సున్నా చూసింది.

"మామ్మగారూ, ఇది ఎప్పుడు మొదలెట్టేరు?"

"జూలై పద్దెనిమిది. శుక్రవారం."

"ఎప్పుడయిపోయినాది?"

"నిన్న. ఆగస్టు ఇరవై ఎనిమిది."

"రోజుకెన్ని పీలుత్తన్నారు?"

"పొద్దున్న రెండు, సాయంత్రం రెండు."

ఆవిడ ఇన్‌హేలరును బల్లమీద నిలబెట్టింది. "ఇందులో నూట ఇరవై ఉంటాయి. నాలుగేసి చొప్పున ముప్పై రోజులు రావాలి. మీకు నలభై రెండు రోజులు ఎలగొచ్చినాది? మీరు తొంగున్నాక ఎవరైనా వొచ్చి నింపీసి ఎల్తన్నారేటి?"

"జాగ్రత్తగా వాడతాను తల్లీ."

"జాగ్రత్తగా నొక్కినా ఒకటే తగ్గుద్ది, కోపంగా నొక్కినా ఒకటే తగ్గుద్ది."

అప్పటికే నా బుర్రలో లెక్క అయిపోయింది. నలభై రెండు నాలుగులు నూట అరవై ఎనిమిది. వాడింది నూట ఇరవై. తేడా నలభై ఎనిమిది. పూటకు రెండు చొప్పున ఇరవై నాలుగు పూటలు. సీటు వెనకాల మనిషిని పడుకోబెట్టి కాటా ఎక్కిన డ్రైవరు ఎలా కూర్చునేవాడో అలా కూర్చున్నాను.

"ఇరవై నాలుగు పూటలు మామ్మగారూ" అని ఆవిడే అంది. "ఎక్కడికెల్లేయి?"

చెప్పాను. దాచుకునేది ఏముంది, అది నా నియమం అనుకున్నాను. శనివారాలు ఆరు, ఆ రోజుల్లో ఉపవాసం కనక రెండు పూటలూ లేదు, పన్నెండు. ఏకాదశులు మూడు, ఆరు పూటలు. శుక్రవారాలు ఆరు, అమ్మవారి పూజ అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది కనక పొద్దుటి పూట లేదు, ఆరు. మొత్తం ఇరవై నాలుగు. పైసా తేడా లేకుండా సరిపోయింది. సరిపోయినందుకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

"పూజకీ దీనికీ ఏటి సంబందం?"

"ఎంగిలి గదమ్మా. దాని మూతి నా పళ్ళకి తగులుద్ది. ఎంగిలి నోటితో దీపం ఎలగెట్టడం?"

"మరి ఉపాసం రోజు?"

"ఉపాసంలో నోట్లోకి ఏటీ ఎల్లకూడదు."

"గాలి కూడా పీల్చరేటి?"

నాకు కోపం వచ్చింది. ఆవిడ నవ్వడం లేదు. "మేవూ ఈస్టరుకి ముందు నలబై రోజులు ఉపాసాలుంటాం మామ్మగారూ. మా అత్తదీ మీలాటి ఆయాసవే. ఆవిడా శుక్రవారం శుక్రవారం మానీసేది. రెండేళ్ళు దెబ్బలాడేను" అంది. "మీ ఎంగిలి సంగతి నాకు తెల్దు. నాకు తీసివేత తెల్సు. నలబై ఎనిమిది తేడా."

కాటా దగ్గర నేను రోజుకు పదిసార్లు ఈ మాటే అనేదాన్ని. మీ కథలు నాకు తెలియవు బాబూ, తేడా ఇంత. నా మాట నాకే వచ్చి తగిలింది.

ఇంటికి వచ్చి భోజనం కూడా చెయ్యకుండా నోటుపుస్తకాలు మూడూ ముందేసుకున్నాను. తేదీ ఉంది, అంకె ఉంది, కఫం ఉంది, గాలి ఉంది. మందు తీసుకున్నానా లేదా అన్న గడి మాత్రం లేదు. తీసుకుంటున్నాననే నా నమ్మకం. నమ్మకానికి గడి ఎందుకు? ఉపవాసం ఉన్న రోజు మూలన ఎర్ర పెన్నుతో 'ఉ' అని రాసుకున్నాను, అది మళ్ళీ పుణ్యం లెక్క.

రెచ్చిపోయిన ఏడు తేదీలూ ఒక కాగితం మీద దించాను. కార్తీకాల్లో వచ్చినవి నవంబరు పంతొమ్మిది, మరుసటేడు డిసెంబరు మూడు, ఆ మరుసటేడు నవంబరు ఇరవై ఒకటి. ఈ తేదీలు చూస్తే పొంతన కనపడదు. అందుకే మూడేళ్ళూ నేను పోర్టు వైపు గాలిని తిట్టుకుంటూ కిటికీలకు తడిగుడ్డలు కట్టాను. మా అమ్మాయి చన్నీళ్ళ స్నానాన్ని తిట్టింది. మా తోడికోడలు దిష్టి అంది. పరుపు కింద దాచిన పాత పంచాంగం క్యాలెండర్లు తీసి ఆ తేదీలకు ఎదురుగా నెలలో ఎన్నో రోజో వేశాను. కార్తీకం ఇరవై అయిదో రోజు. కార్తీకం ఇరవయ్యో రోజు. కార్తీకం ఇరవయ్యో రోజు.

ఆ నెలంతా చుక్క కనపడేదాకా నేను ఇన్‌హేలరు ముట్టను. సోమవారాలు, శనివారాలు, ఏకాదశులు అసలే లేదు. నెలలో సగం కంటే ఎక్కువ మందు పోయింది. శ్రావణంలో రెండుసార్లు, మాఘంలో ఒకసారి రెచ్చిపోయిందీ ఇలాంటి రోజులు దాటాకే. ఏడింటిలో ఆరు కుదిరాయి. ఏడోది జూన్‌లో మనవడు బడినుంచి పట్టుకొచ్చిన జలుబు వల్ల వచ్చింది. దాన్ని అలాగే వదిలేశాను. కుదరనిదాన్ని లాగి కుదిరిస్తే కుదిరినవాటి మీద కూడా నమ్మకం పోతుంది.

ఒక్కటే అర్థంకాలేదు. మందు మానిన మర్నాడే ఎందుకు రాలేదు? ఫోను చేయించి అడిగితే డాక్టరుగారు చెప్పారు. వాపును అణిచిపెట్టే మందు అది, మానగానే ఏమీ తెలియదు, లోపల గోడలు రోజుకు కాస్త చొప్పున ఉబ్బుకుంటూ వస్తాయి, రెండు మూడు వారాలకు చిన్న దుమ్ము, చిన్న జలుబు తగిలినా ఒక్కసారిగా లేస్తుంది. మర్నాడే వచ్చి ఉంటే నేను మొదటి ఏడే పట్టుకునేదాన్ని.

తప్పు దొరికింది కానీ దారి దొరకలేదు. ఎంగిలి ఎంగిలే. అది నా అత్తగారు నేర్పింది కాదు, మా అమ్మ నేర్పింది. నర్సమ్మ తీసివేత చెప్పిందని దాన్ని తీసి పక్కన పెట్టలేను. ఆ రాత్రంతా ఆలోచించానని అనను, నాకు నిద్ర బాగానే పట్టింది. మర్నాడు శనివారం. పొద్దున్న నాలుగున్నరకు లేచి పెరట్లో పంపు దగ్గర నిలబడి టూత్‌పేస్టు మూత తీశాను. తీసి అలాగే ఉండిపోయాను.

పళ్ళు తోముకోకముందు ఉన్నది పాచినోరు. పాచినోటికి కొత్తగా ఎంగిలి ఏమిటి? పీల్చాక నోరు పుక్కిలించమని డాక్టరుగారు ఎలాగూ చెప్పారు. ముందు పీల్చి, ఆ తరవాత పళ్ళు తోముకుని, పుక్కిలించి, స్నానం చేస్తే, దీపం దగ్గరకు వెళ్ళేసరికి ఏ ఎంగిలీ లేదు. సాయంత్రం కూడా కాళ్ళూ చేతులూ నోరూ కడుక్కోకముందే పీల్చేస్తే సరి. గొంతులోకి నీటి బొట్టు దిగదు కనక ఉపవాసమూ చెడదు. మూడేళ్ళు, ఏడు దాడులు, నలభై అంకెలు. మార్చాల్సింది వరస ఒక్కటే. పెరట్లో ఒక్కదాన్నే నవ్వాను, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూ కూడా నవ్వాను.

మా అమ్మాయిని ఒప్పించడానికి మాత్రం యాభై రోజులు పట్టింది. రోజూ అంకె చూపించాను. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఒక్క పూట తప్పలేదు. చివరికి ఒక షరతు పెట్టింది. కార్తీకంలో అంకె నూట తొంభై లోపుకు వరసగా రెండు రోజులు దిగితే ఆ రోజుతో కార్తీకం ఆఖరు, మళ్ళీ మాట్లాడకూడదు. నోటుపుస్తకంలో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. మాట మారుతుంది, రాత మారదు.

మా తోడికోడలు నాకన్నా మూడేళ్ళు పెద్దది. పద్మనాభంలో ఉంటుంది, ఇప్పటికీ ఊడ్పుల రోజుల్లో పొలం గట్టున నిలబడి పనివాళ్ళను అదిలిస్తుంది. మా ఇద్దరి ఇళ్ళల్లోనూ మగవాళ్ళు పోయాక పదకొండేళ్ళుగా కార్తీకం నెలంతా వచ్చి నా దగ్గరే ఉంటుంది. సముద్రం ఇటు దగ్గర కదా. అక్టోబరు ఇరవై రెండు, మొదటి రోజు, పొద్దున్న నాలుగున్నరకు నేను ఇన్‌హేలరుకు ప్లాస్టిక్కు గొట్టం తగిలించి నోట్లో పెట్టుకునేసరికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏటే అది, సన్నాయి ఊదతన్నావేటి?"

పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి కనక జవాబు చెప్పలేదు. అది ఇంకా రెచ్చిపోయింది.

"ఓలమ్మో! కార్తీకం పొద్దుట మందు! దీపం ఎట్టకుండానే నోట్లో ఎట్టీసినావా?"

"పాచినోరక్కా. పళ్ళింకా తోవుకోలేదు."

దానికి తర్కంలో తప్పు కనపడలేదని మొహంలో తెలిసింది. తప్పు కనపడకపోతే దానికి ఇంకా కోపం. "లారీలోల్లతో ఉండి ఉండి ఇలగయిపోనావు. దేవుడికాడా అడ్డదారి ఎతుకుతన్నావు."

"అడ్డదారి కాదక్కా, వరస మార్చినాను."

"నాకు తెలిసిన ఉపాసంలో గొట్టం నేదు" అని చెంబు తీసుకుని వెళ్ళిపోయింది.

స్నానం గోరువెచ్చటి నీళ్ళతో. దానికీ ఒక మాట అంది, రాయను. మొదటి వారంలో ముసురు పట్టింది, తులసికోట దగ్గర గొడుగు కట్టి దీపం పెట్టాం. అంకె రెండు వందల ముప్పై, ముప్పై, ముప్పై అయిదు. రెండో వారానికి రెండు వందల నలభై. మా అమ్మాయి రోజూ ఆఫీసుకు పోయేముందు పుస్తకం తెరిచి చూసి మూసేది. ఏమీ అనేది కాదు. దాని భాషలో అది మెచ్చుకోవడం.

నవంబరు అయిదు, పౌర్ణమి. ఆ రోజు ఏడాదిలో రోజుకు ఒకటి చొప్పున మూడు వందల అరవై అయిదు వత్తులు నేతిలో తడిపి ఒక్కసారి వెలిగిస్తాం. రోజూ దీపం పెట్టలేని వాళ్ళకు ఏడాది బాకీ తీరుతుందంటారు. వత్తులు నేనే చేశాను, మూడుసార్లు లెక్కపెట్టాను. పొగ తగలకూడదని డాబా మీద పెట్టించి, గాలి వచ్చే వైపు నిలబడి, ముక్కుకు మాస్కు కట్టుకున్నాను.

మా తోడికోడలు నన్ను ఎగాదిగా చూసింది. "దీపం ఎలిగిత్తావా, ఆపరేసన్ సేత్తావా?"

వత్తులు బాగా అంటుకున్నాయి. అంటుకున్నాక గాలి తిరిగింది. నేతి పొగ మొత్తం మొహం మీదికి వచ్చింది. వెనక్కి జరిగేసరికి రెండు మూడు నిమిషాలు పట్టింది, పిట్టగోడ అడ్డం.

ఆరో తేదీ రెండు వందల ఇరవై అయిదు. ఏడో తేదీ రెండు వందల పది. ఎనిమిదో తేదీ, శనివారం, నూట తొంభై అయిదు. కఫం లేత పసుపు. మెట్లు ఎక్కితే ఛాతీలో సన్నటి ఈల.

పాత కార్తీకాల్లో అయితే ఇక్కడే నేను పుస్తకం దాచేసేదాన్ని. ఇంకో పన్నెండు రోజులు లాగేస్తే అయిపోతుంది, అయ్యాక చూసుకుందాం అని. మూడేళ్ళూ ఇలాగే లాగాను, మూడేళ్ళూ ఇరవయ్యో రోజునో ఇరవై అయిదో రోజునో తెగింది. ఆ రోజు కార్తీకం పద్దెనిమిది. తొమ్మిది గంటలకు నర్సమ్మకు ఫోను చేశాను. అంకెలు మూడూ చదివాను.

"బేగి రండి మామ్మగారూ. మీరు ఫోన్ సేసేరంటే సగం తగ్గినట్టే" అంది.

డాక్టరుగారు వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. వాపు మొదలైందన్నారు, పెరగలేదన్నారు. అయిదు రోజులు మాత్రలు, పొద్దున్న పూట, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆ అయిదు రోజులూ చుక్క దాకా ఉపవాసమే, పైగా అందులో సోమవారం ఒకటి ఉంది.

"పాలూ పళ్ళూ తింటే చాలదా బాబూ?" అని అడిగాను.

"రెండు అరటిపళ్ళు, ఒక గ్లాసు పాలు. చాలు."

ఇంటికి వచ్చి, మా తోడికోడలికి చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాను. ఇన్‌హేలరుకు పాచినోరని వాదించాను, మాత్రకు ఆ మాట చెల్లదు. అది వంటింట్లోంచి వింటూనే ఉంది. మర్నాడు స్నానం చేసి దీపం పెట్టి వచ్చేసరికి నా పీట ముందు రెండు అరటిపళ్ళు, గ్లాసుడు పాలు ఉన్నాయి.

"పాలు, పళ్ళు పలహారవే గదా" అంది, నా మొహం చూడకుండా. "మన అత్త కూడా తినీది. లెక్కలు నువ్వు సూసుకో, అరటిపళ్ళు నాను సూసుకుంతాను. నోరు మూసుకుని తిను."

మా అత్తగారు తినేదో లేదో నాకు తెలుసు. తినేది కాదు. నోరు మూసుకుని తిన్నాను.

మీటరు మాత్రం ఆ పొద్దున దయ చూపలేదు. తొమ్మిదో తేదీ మూడుసార్లు ఊదాను. మూడుసార్లూ ముల్లు నూట తొంభై దగ్గరే ఆగింది. మా అమ్మాయి నా భుజం మీదుగా చూస్తోంది.

"నూట తొంబై" అంది.

"లోపు అని రాసుకున్నాం. నూట తొంబై, నూట తొంబైకి లోపు కాదు."

"అమ్మా."

"సంతకం ఎట్టినావు."

అది నెత్తి కొట్టుకుంది. "ముప్పై ఏల్లు నీతో కాపరం సేసినాడు, మా నాన్న మనిసి కాడే, దేవుడు" అంది. కానీ పుస్తకం లాక్కోలేదు. సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి, నేను పీల్చేటప్పుడు ఎదురుగా కూర్చుని పది అంకెలూ పైకి లెక్కపెట్టింది. ఒక మాట పుస్తకంలో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఆ పొద్దున నాకు భయం వేసింది. ఒక్క గీత, ఒకే ఒక్క గీత కిందికి దిగితే రెండు రోజుల లెక్కలో మొదటి రోజు పడిపోయేది.

పదో తేదీ, సోమవారం, కార్తీకం ఇరవయ్యో రోజు. రెండేళ్ళు వరసగా నన్ను పడగొట్టిన రోజు. లేచి, మొహం కూడా కడుక్కోకుండా మీటరు తీశాను. రెండు వందలు. ఇంకోసారి ఊదాను. రెండు వందలు. పదకొండున రెండు వందల పదిహేను. కఫం మళ్ళీ తెల్లబడింది. పన్నెండున మెట్లు ఎక్కితే ఈల వినపడలేదు, వినడానికి మళ్ళీ దిగి ఎక్కాను. పదిహేనున, అంటే ఇరవై అయిదో రోజున, రెండు వందల ముప్పై అయిదు. మంచం ఎక్కిన పాత రోజులు రెండూ నా వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ పూట మా అమ్మాయి అడగకుండానే అరటి దొప్పలకు బజారులో చెప్పి వచ్చింది.

ముప్పయ్యో రోజు అమావాస్య కూడా దాటింది. నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం, పాడ్యమి. తెల్లవారుతుండగా ఆటోలో అప్పికొండ తీరానికి వెళ్ళాం, నేనూ మా తోడికోడలూ. బయలుదేరే ముందు ఊదాను. రెండు వందల నలభై అయిదు. ఆ ఏడాది మొత్తంలో అదే పెద్ద అంకె.

ఆటో దిగినచోటనుంచి నీళ్ళ దాకా ఇసుక. ఇసుకలో నడక మామూలు నడకకు రెండింతలు. నాలుగేళ్ళ కిందట ఆఖరిసారి వచ్చినప్పుడు ఆ దూరానికి అయిదుసార్లు ఆగాను, అది గుర్తుంది. ఈసారి దొప్ప చేత్తో పట్టుకుని, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. నూరు, రెండు వందలు. ఊపిరి వేగంగా వస్తోంది కానీ వస్తోంది, దారికి ఏదీ అడ్డం లేదు. మూడు వందల దగ్గర వెనకనుంచి కేక.

"ఆగే! అంత బేగి ఎల్తన్నావేటి, నా మోకాల్లు పట్టేసినాయి."

వెనక్కి తిరిగాను. ముప్పై అడుగుల దూరంలో మా తోడికోడలు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చినా ఆ తీరాన అది ముందు, నేను వెనక. వెనక్కి వెళ్ళి దాని దొప్ప కూడా అందుకుని, రెండో చెయ్యి దానికి ఇచ్చాను.

నీళ్ళ అంచున దీపాలు వెలిగించి వదిలాం. మొదటి అల వెనక్కి తోసేసింది, రెండో అల పట్టుకుపోయింది. అప్పటికే అక్కడ ఇరవై ముప్పై దొప్పలు తేలుతున్నాయి, మావి ఏవో కాసేపటికి పోల్చుకోలేకపోయాం.

"ఎన్నిసార్లాగినావే?" అని అడిగింది మా తోడికోడలు.

"ఒక్కసారి. నీ కోసం."

"అదీ రాత్తావా పుస్తకంలో?"

"రాత్తాను."

"మోకాల్లని రాయి. ఆయాసవని రాసీగలవు" అని నా చెయ్యి పట్టుకుని ఇసుక దిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది. దిబ్బ పైదాకా నేనే లాగాను.